సెగోవియా అవ్వ

మొన్న ఉగాదికి ఇల్లు సర్దుదామని వంటింట్లో పై అరలోని డబ్బాలన్నీ కిందికి దించాను. వెనకాల మూలన ఒక చిన్న రేకు డబ్బా కనిపించింది. మూత మీద ఎర్రరంగు సగం పోయింది. ఏళ్ళ తరబడి అందులో మెంతులు పోసుకున్నాను, అవి అయిపోయాక ఎప్పుడో వెనక్కి తోసేసినట్టున్నాను. కడిగే ముందు అలవాటు కొద్దీ ముక్కు దగ్గర పెట్టుకున్నా. ముందు మెంతుల వాసన వచ్చింది, దాని అడుగున ఎక్కడో పొగ వాసన. మామూలు పొగ కాదు, ఓక్ కట్టెల సెగ మీద రోజుల తరబడి ఆరబెట్టిన మిరపకాయల పొగ. ఆ మిరపకాయల పొడిని స్పెయిన్‌లో పిమెంతోన్ అంటారు. రంగు మన కారప్పొడిదే గానీ ఈ రకంలో కారం ఉండదు, మా చిన్నప్పుడు కట్టెల పొయ్యి పైన ఉట్టిలో పెట్టి మరిచిపోయిన ఎండుమిరపకాయల్లా ఉంటుంది. కుళాయి కట్టేసి అక్కడే పీట మీద కూర్చుండిపోయాను. మా పాప వచ్చి "ఏమైందిమా?" అంది. ఏం లేదు, అవ్వ గుర్తొచ్చింది అన్నాను. "ఏ అవ్వ?" అంది. నిజమే, దానికి తెలిసిన అవ్వలు ఇద్దరే.

ఈమె మూడో అవ్వ. స్పెయిన్ అవ్వ.

మాది అనంతపురం జిల్లా, కళ్యాణదుర్గం వైపు ఒక పల్లె. ఊరి బోరులో నీళ్ళు కరెంటు ఉన్నప్పుడే, ఆ కరెంటేమో తెల్లవారుజామున మూడుకో నాలుగుకో వచ్చేది. చీకట్లోనే కడవల వరస, ఆడవాళ్ళ కొట్లాటలు, మధ్యలో ఎవరో ఒకరు నవ్వించడం. మూడో తరగతికే చిన్న బిందె చంకనేసుకుని పోయేదాన్ని, ఐదుకొచ్చేసరికి తల మీద ఒకటి, చంకన ఒకటి. నీళ్ళు తొణికి వీపు మీద పడితే చలికాలంలో ప్రాణం పోయేది. బడిలో ప్రార్థనకి నిలబడినప్పుడు నా జడ తడిగా ఉండేది, మాలో సగంమంది జడలు తడిగానే ఉండేవి కాబట్టి అదొక వింత అని ఎవరికీ తోచేది కాదు.

మా ఊళ్ళో చాలామంది పిల్లలకి ఆర్డీటీ ద్వారా స్పెయిన్‌లో స్పాన్సర్లు ఉండేవాళ్ళు. మా జిల్లావాళ్ళకి చెప్పక్కర్లేదు గానీ తెలియనివాళ్ళ కోసం చెబుతున్నా, ఆర్డీటీ అంటే రూరల్ డెవలప్‌మెంట్ ట్రస్టు, విన్సెంట్ ఫెర్రర్ పెట్టిన సంస్థ. బార్సిలోనాలో పుట్టిన ఆయన 1969లో మా కరువు జిల్లాకి వచ్చి, 2009లో పోయేదాకా ఇక్కడే ఉండిపోయాడు. సమాధి బత్తలపల్లిలో ఉంది. మా వైపు ఇళ్ళల్లో దేవుడి పటాల వరసలో ఆయన ఫోటో కూడా కనిపిస్తుంది. స్పాన్సర్ల డబ్బు పిల్లల చేతికిచ్చేవాళ్ళు కాదు, చదువులకీ ఊరి పనులకీ పోయేది. మేం చేయాల్సిందల్లా ఉత్తరం రాయడం. ఆ ఉత్తరాలు కూడా అందరివీ ఒకే అచ్చు. "ప్రియమైన అమ్మగారికి నమస్కరించి వ్రాయునది, ఇచ్చట మేమంతా క్షేమం, అచ్చట మీరు క్షేమమని తలుస్తాను, మా ఊరిలో వానలు లేవు, నేను బాగా చదువుకుంటున్నాను." కింద ఖాళీ ఉంటే ఒక కొబ్బరిచెట్టు, దాని వెనక నవ్వుతున్న సూర్యుడు. మా ఊళ్ళో కొబ్బరిచెట్టు ఒక్కటీ లేదు.

ఒకసారి ఏం రాయాలో తోచక నీళ్ళ సంగతి రాశాను. తెల్లారకముందే లేస్తానని, రెండు కడవలు ఒకేసారి తెస్తానని. కొంచెం గొప్పలకే రాశాను, బాధపడి కాదు. ఉత్తరాలు తీసుకెళ్ళే ఆయన చదివి "ఇవన్నీ యాలమ్మా వాళ్ళకి" అన్నాడు గానీ కొట్టేయలేదు. కొన్ని నెలలకి నా స్పాన్సర్ నుంచి ఒక కార్డు వచ్చింది. కార్డు మీద ఫోటోలో రాతి కమానులు, ఒకదాని మీద ఒకటి రెండు వరసలు, కింద మనుషులు చీమల్లా ఉన్నారు. వెనకవైపు వంకర చేతిరాత, దానికి పిన్ను కొట్టి తెలుగులో ఒక చీటీ. "నేను కూడా చిన్నప్పుడు నీళ్ళు మోసేదాన్ని. ఇది మా ఊరి నీళ్ళ వంతెన" అని ఉంది. మా నాయన కార్డు తిప్పి తిప్పి చూసి, "నీళ్ళకి వంతెనేంది, అనువాదం రాసినోడు తప్పు రాసినాడు, ఇది రైలు బ్రిడ్జి, రైలు పోయినాంక తీసినారు ఫోటో" అని తేల్చేశాడు. ఆ కార్డు మా ఇంట్లో అద్దం ఫ్రేములో ఒక మూలన దూర్చి ఏళ్ళపాటు ఉంది. తల దువ్వుకున్న ప్రతిసారీ సగం మొహం, సగం వంతెన.

పెద్దయ్యాక అనంతపురంలోనే స్పానిష్ నేర్చుకున్నాను. స్పెయిన్ నుంచి వచ్చేవాళ్ళకి పల్లెల్లో తిరుగుతూ మాటలు ఇటునుంచి అటు, అటునుంచి ఇటు చెప్పే పని దొరికింది. ఉత్తరాల అనువాదం కూడా చేశాను కొన్నాళ్ళు, అంటే మళ్ళీ అవే కొబ్బరిచెట్లు, ఈసారి బల్లకి ఇటుపక్క నేను. అప్పుడు ఆమెకి నేనే నేరుగా స్పానిష్‌లో రాశాను. ఆమెకి విమానం అంటే భయం, డెబ్బై ఏళ్ళు వస్తున్నాయి, ఇక ఇండియా రాలేను, నువ్వే రా అంది. టికెట్ ఆమె కొడుకు తీశాడు. వీసా టెన్షన్ సంగతి వదిలేయండి, బ్యాంకు పాస్‌బుక్కులో ఎంతుంటే మనిషి తిరిగొస్తుందని నమ్ముతారో నాకు ఇప్పటికీ అర్థం కాదు.

సెగోవియా మాడ్రిడ్‌కి దగ్గరే, 90 కిలోమీటర్లుంటుందేమో. మాడ్రిడ్‌లో మోంక్లోవా అనే చోట బస్సెక్కితే గంటా పావు. స్పీడు రైలూ ఉంది, అరగంటలో పోతుంది గానీ స్టేషన్ ఊరికి అవతలెక్కడో. బస్సు గ్వాదర్రామా కొండలు దాటగానే చలి మారిపోతుంది. సెగోవియా వెయ్యి మీటర్ల ఎత్తులో ఉంది, అక్టోబరు నెల. నా సూట్‌కేసు విమానంలో రాలేదు, రెండ్రోజుల తర్వాత ఇస్తామన్నారు. నేనేమో కాటన్ చుడీదారు మీద పల్చని స్వెట్టర్‌తో బస్సు దిగాను. ఆమె నన్ను కౌగిలించుకోకముందే చేతి మీదున్న మందపాటి కోటు నాకు తొడిగింది. చనిపోయిన భర్తది. మోకాళ్ళ కిందికొచ్చింది. జేబులో చెయ్యి పెడితే ఒక పాత బస్సు టికెట్టు తగిలింది, తీయబుద్ధి కాలేదు.

మనవలు ఆమెని అబువేలా అని పిలుస్తారు. మా రాయలసీమలో నాయనమ్మనీ అమ్మమ్మనీ అవ్వ అనే అంటాం. అబువేలా, అవ్వ, రెండూ దగ్గరగా ఉన్నాయి కదా అని నేను అవ్వా అన్నాను, ఆమెకి నచ్చింది. చిక్కల్లా మీరు, నువ్వు దగ్గర వచ్చింది. స్పానిష్‌లో కూడా ఉస్తేద్ అంటే మీరు, తూ అంటే నువ్వు. డెబ్బై ఏళ్ళ మనిషిని తూ అనడానికి నా నోరు తిరిగేది కాదు. ఆమేమో ఉస్తేద్ అన్నప్పుడల్లా వెనక్కి తిరిగి చూసేది, నా వెనక ఎవరున్నారు అన్నట్టు. నన్ను మాత్రం "ఇహా" అనేది, అంటే బిడ్డా అని. తెలుగులో ఇహ అంటే వేరే అర్థం అని చెబితే ఒకటే నవ్వు.

వాళ్ళ ఇల్లు సాన్ లొరెన్సో అనే వాడలో. కోటగోడల కింద ఎరెస్మా ఏరు వైపు దిగితే వస్తుంది. మధ్యలో ఇటుక గోపురం ఉన్న పాత చర్చి, చుట్టూ కొయ్య దూలాలు కనిపించే ఇళ్ళు. ఆ ఊళ్ళో చాలా ఇళ్ళ గోడలకి ఒక పని ఉంటుంది. ఒకదాని మీద ఒకటి రెండు పూతలు పూసి, పైది ఆరకముందే గీకి, వృత్తాలూ చుక్కలూ అల్లికలూ తేలుస్తారు, ఎస్‌గ్రాఫియాదో అని పేరు. మొదటిరోజు పొద్దున వీధిలోకి రాగానే నాకు గోడల మీద ముగ్గులు పెట్టినట్టు అనిపించింది. మేం రోజూ చెరిపి వేసేది వీళ్ళు ఒక్కసారే వేసి వదిలేశారు. ఆ మాటే ఆమెతో అంటే, "రోజూనా? పిచ్చా?" అంది.

ఇంట్లో నాకు బాగా గుర్తున్నది హాల్లోని గుండ్రటి బల్ల. దానికి నేల దాకా బరువైన గుడ్డ వేలాడుతుంది, లోపల కింద హీటరు. అందరం చుట్టూ కూర్చుని ఆ గుడ్డ ఒళ్ళోకి లాక్కుంటే నడుము కింద ఎండాకాలం, నడుము పైన చలికాలం. తిండి, టీవీ, మందులు వేసుకోవడం, బట్టలకి కుట్లు వేసుకోవడం అన్నీ అక్కడే. పూర్వం హీటరు బదులు రాగి పళ్ళెంలో బొగ్గు నిప్పులు ఉండేవట, మన కుంపటి లాంటివి. నివురు కప్పేసినప్పుడు చిన్న గరిటెతో కదపడాన్ని "సంతకం పెట్టడం" అనేవాళ్ళట. ఇంటికొచ్చిన చుట్టాన్ని గౌరవించాలంటే ఆ గరిటె అతని చేతికిచ్చి సంతకం పెట్టమనాలి. ఇప్పుడు హీటరుకి స్విచ్చు ఉంది. రాత్రి పది గంటలకి భోజనం చేస్తూ ఆమె నాతో "ఇహా, సంతకం పెట్టు" అనేది, నేను కాలి బొటనవేలితో స్విచ్చు నొక్కేదాన్ని.

ఆ ఇంటి చప్పుళ్ళు కూడా చెప్పాలి. పొద్దున కిటికీల పైనుంచి దిగే చెక్కల తెరలు పైకి లాగితే దడదడదడ మని ఒకటే మోత, వాడంతా ఒకరి తర్వాత ఒకరు లాగుతుంటే ఎవరు లేచారో ఎవరు లేవలేదో ఆమె మంచంలోంచే చెప్పేసేది. చర్చి గంటలు. మధ్యాహ్నం రెండు నుంచి ఐదు దాకా మాత్రం ఊరంతా సద్దుమణిగిపోయేది. ఆమె చిన్నప్పటి చప్పుళ్ళు కొన్ని నోటితో చేసి వినిపించేది. కత్తులు సానపట్టేవాడు వేణువు లాంటిది కింద నుంచి పైకి, పై నుంచి కిందికి సర్రున ఊదుకుంటూ వచ్చేవాడట. రెండు పెదాలూ బిగించి అచ్చం ఊదింది. దానికి బదులుగా నేను మా వీధిలో "పాత సామాన్లు కొంటాం" అని అరిచేవాడి గొంతు చేసి చూపించాను.

ఒక చిన్న ఇబ్బంది. రొట్టెల కొట్లో, మాంసం కొట్లో, మెట్ల మీద ఎదురైన ప్రతివాళ్ళకీ నన్ను "మా ఇండియా పాప" అని పరిచయం చేసేది. నాకప్పటికి పెళ్ళై ఏడాది. వాళ్ళు నా బుగ్గలు నిమిరి, ఎంత బాగా మాట్లాడుతోందో అనేవాళ్ళు. సంతోషమే. కానీ లోపల ఏదో గుచ్చుకునేది, ఉత్తరం కింద సూర్యుణ్ణి బాగా నవ్వించానా లేదా అని చూసుకునే పదేళ్ళ పిల్ల మళ్ళీ బయటికొచ్చేది. దాన్ని ఆమెకి చెప్పలేదు. చెప్పే మాట నాకు స్పానిష్‌లో రాలేదు, తెలుగులోనూ వచ్చేది కాదేమో.

వంతెన దగ్గరికి రెండోరోజు తీసుకెళ్ళింది. మా నాయన రైలు బ్రిడ్జి. అసోగెఖో అనే కూడలిలో నిలబడి తలెత్తితే 28 మీటర్లు, మెడ పట్టేస్తుంది. రోమన్లు కట్టింది, దాదాపు రెండు వేల ఏళ్ళు, వేల కొద్దీ గ్రానైటు బండలు, మధ్యలో సున్నం లేదు, సిమెంటు లేదు, బండ మీద బండ బరువుతోనే నిలబడింది. కొండల్లోని ఏటి నీళ్ళని పదిహేను కిలోమీటర్ల అవతలి నుంచి ఊళ్ళోకి తెచ్చేది. గత శతాబ్దంలో కూడా దాని మీద నీళ్ళు పారాయి. ఆమె పెళ్ళై ఈ ఊరికొచ్చిన కొత్తలో బస్సులూ లారీలూ దాని కమానుల కిందుగానే పోయేవి, 1992లో ఆపించారు. ప్రతి బండకీ చిన్న గుంట ఉంది, పైకెత్తడానికి ఇనుప పట్టకారు పట్టిన చోటు. నేను వేలు పెట్టి చూశాను, రెండు కణుపుల దాకా పోయింది. "అది దయ్యం వేలు" అంది అవ్వ. అలా మొదలైంది కథ.

ఒక పనిపిల్ల రోజూ కొండ దిగి నీళ్ళు తెచ్చి మళ్ళీ కొండెక్కేది. ఒకరోజు విసుగెత్తి, ఈ నీళ్ళు ఇంటి గుమ్మంలోకి వస్తే నా ఆత్మ ఇచ్చేస్తా అంది. సైతాను విన్నాడు. కోడి కూసేలోపు కట్టేస్తా, కడితే ఆత్మ నాది అన్నాడు. రాత్రంతా గాలివాన. పిల్ల భయపడి దేవుణ్ణి తలుచుకుంటూ కూర్చుంది. ఇంకొక్క రాయి పెట్టాలనగా కోడి కూసింది, పిల్ల బతికిపోయింది, ఊరికి వంతెన మిగిలింది. ఆ రాయి పెట్టని చోట ఇప్పుడు మరియమ్మ విగ్రహం, అదిగో చూడు అని చూపించింది.

నేను మా ముసలమ్మ కథ చెప్పాను. అనంతపురం పక్కనే బుక్కరాయసముద్రం చెరువు. కట్ట తెగబోతుంటే ఊళ్ళో ఒక ఇంటి చిన్నకోడలు ముసలమ్మని బలి ఇస్తేనే నిలుస్తుందని ఆకాశవాణి పలికింది. పేరు ముసలమ్మ గానీ చిన్నవయసు పిల్ల. అందరికీ చెప్పుకుని, నడుచుకుంటూ పోయి గండిలో నిలబడింది. కట్ట నిలిచింది. నేను చెప్పడం ఆపగానే అవ్వ అడిగింది, "మీ మరియమ్మ రాలేదా?"

రాలేదన్నాను. ఇప్పుడు ఆమెకే మొక్కుతారని చెప్పాను. అవ్వ చాలాసేపు వంతెన వైపు చూసి, ఒక్క తిట్టు తిట్టింది. ఎవరిని తిట్టిందో అడగలేదు.

చూడాల్సినవి చూశాను, అన్నీ రాయను. ఓడ ముక్కులా కొండ అంచున నిలబడ్డ అల్కాసర్ కోట, 1525లో మొదలుపెట్టి రెండువందల ఏళ్ళకు పైగా కట్టిన కెథీడ్రల్, 1474లో ఇసబెల్‌ని రాణిగా ప్రకటించిన చర్చి స్థలం, ఊరి నుంచి చూస్తే వెల్లకిలా పడుకున్న ఆడమనిషిలా కనిపించే కొండ వరస. దాన్ని "చనిపోయిన స్త్రీ" అనే పిలుస్తారు. పాలుతాగే పందిపిల్లని కాల్చి, ఎంత మెత్తగా ఉడికిందో చూపడానికి కత్తితో కాకుండా పళ్ళెం అంచుతో కోసి, ఆ పళ్ళేన్ని నేలకేసి పగలగొట్టే హోటల్‌కి కొడుకు తీసుకెళ్ళాడు. మేం కోడీ పొట్టేలూ తింటాం గానీ నాకది దిగలేదు. పెద్ద తెల్ల చిక్కుళ్ళ కూర తిన్నాను, గింజ ఒక్కొక్కటి నా బొటనవేలంత, మా అనపగింజలు దాని ముందు పిల్లలు.

సూట్‌కేసు వచ్చాక రాగిపిండి, శెనక్కాయల పొడి బయటికి తీశాను. ఆ వంటింట్లో సంకటి గెలికాను, తెడ్డు లేదు, చపాతీ కర్రలాంటిది దొరికింది. ముద్ద చేసి మధ్యలో గుంట పెట్టి నెయ్యికి బదులు వెన్న వేశాను. ఆమె నల్లటి ముద్దని అనుమానంగా చూసి, ఒక తునక నోట్లో పెట్టుకుని, "గాచాస్" అంది. స్పెయిన్ అంతర్యుద్ధం తర్వాత ఆకలి రోజుల్లో వాళ్ళు పిండి కాచి తిన్నదాని పేరట. "ఇది మేం మరిచిపోవాలనుకున్న తిండి" అంటూనే మొత్తం తినేసింది.

నేనున్నప్పుడే సాన్ ఫ్రుతోస్ పండగ వచ్చింది. ఊరి దేవుడనుకోండి, అక్టోబరు 25. కెథీడ్రల్ వాకిలి మీద ఆయన రాతి విగ్రహం ఉంటుంది, చేతిలో తెరిచిన పుస్తకం. ఏడాదికొక్కసారి, ముందురోజు అర్ధరాత్రి ఆయన ఒక పేజీ తిప్పుతాడట. పుస్తకం అయిపోయిన రోజు లోకం అయిపోతుంది. మేము ఆ చలిలో జనంతో పాటు కింద నిలబడ్డాం. నేను కోటులో ముడుచుకుని, మా యాగంటి బసవన్న కలియుగాంతంలో లేచి రంకె వేస్తాడని, ఏటేటా కొంచెం పెరుగుతున్నాడని చెప్పాను. "మీది లేస్తుందా, మాది చదువుతుందా? ఏది ముందు?" అని మనవడు పందెం కట్టబోయాడు. పన్నెండు గంటలు కొట్టాయి. పేజీ తిరిగిందా అని అడిగాను. "తిరిగింది, నువ్వు కళ్ళు మూసినప్పుడు" అంది అవ్వ.

ఇంటికొచ్చి వెల్లుల్లి సూపు చేసింది. ఆ చేతులు ఇప్పటికీ కళ్ళ ముందున్నాయి. మట్టి మూకుడులో ఆలివ్ నూనె, బద్దలుగా కోసిన వెల్లుల్లి, అవి అంచుల్లో బంగారు రంగుకి తిరగగానే మూకుడు పొయ్యి మీంచి దించేసింది. దించాకే పిమెంతోన్ వేసింది, రెండు చెంచాలు, గబగబా తిప్పింది. పొయ్యి మీదుండగా వేస్తే మాడి చేదొస్తుందట. మా అమ్మ తాలింపులో కారం వేసేటప్పుడు చేసేది సరిగ్గా ఇదే. తర్వాత రాయిలా ఎండిన పాత రొట్టె ముక్కలు, నీళ్ళు, చివర్లో గుడ్డు కొట్టి పోసింది. ఇల్లంతా పొగ వాసన, వెల్లుల్లి వాసన. రాత్రి ఒంటిగంటకి ఆ గుడ్డ ఒళ్ళోకి లాక్కుని ఐదుగురం గిన్నెలు నాకేశాం.

ఆ రాత్రే ఒక బిస్కెట్ల డబ్బా తెచ్చి బల్ల మీద బోర్లించింది. అన్నీ నా ఉత్తరాలు. ఒక్కొక్కటీ విప్పి పెట్టింది. కొబ్బరిచెట్టు, కొబ్బరిచెట్టు, కొబ్బరిచెట్టు. "మీ ఊళ్ళో కొబ్బరి బాగా పండుతుందనుకుంటా" అంది. ఒక్క చెట్టూ లేదవ్వా అన్నాను. నవ్వీ నవ్వీ ఆమెకి దగ్గు పట్టుకుంది, మనవడు లేచి నీళ్ళు తెచ్చాడు.

చివరి ఆదివారం వాళ్ళ పుట్టింటి ఊరికి పోయాం. ఉత్తరాన పైన్ అడవుల మధ్య చిన్న పల్లె. సగం ఇళ్ళకి తాళాలు. పిల్లలంతా మాడ్రిడ్, మా ఊరి పిల్లలంతా బెంగళూరు. దారిలో చెట్ల మొదళ్ళకి పాత గాట్లు కనిపించాయి. ఆమె భర్త పెళ్ళికి ముందు ఈ అడవిలో బంక తీసేవాడట. చెట్టుకి బెరడు చెక్కి, రేకు గుచ్చి, కింద మట్టి ముంత కడితే బంక బొట్లు బొట్లుగా దిగుతుంది, టర్పెంటైన్‌కి పోతుంది. నేను మా ఈతకల్లు ముంతల సంగతి చెబితే, "తాగడానికా! మీరే తెలివైనవాళ్ళు" అన్నాడు కొడుకు. బేరం పడిపోయాక ఆ పని చేసేవాళ్ళు తగ్గి, ఆయన పట్నం చేరాడు.

పల్లె ఇంట్లో చల్లటి గదిలో ఒక మట్టి కూజా, పక్కన సన్నటి ముక్కు. బోతీఖో అంటారు. తలపైకెత్తి, ముక్కు నోటికి తగలకుండా ధార పోసుకుని తాగాలి. ఈ కాలం మనవలకి అది రాదు, చొక్కాలు తడుపుకుంటారు. నాకిచ్చారు నవ్వుదామని. మా ఇంట్లో చెంబు ఎంగిలి చేస్తే మా అవ్వ వీపు మీద ఒకటిచ్చేది, చిన్నప్పటి నుంచీ ఎత్తి తాగడమే. ఒక్క బొట్టు కింద పడకుండా గుటగుట తాగి కూజా దించాను. పక్కింటి ముసలాయన చప్పట్లు కొట్టాడు. వారం రోజుల్లో నేను "మా ఇండియా పాప" కాకుండా పోయింది బహుశా ఆ ఒక్క నిమిషమే.

సాయంత్రం ఊరి బయట నీళ్ళ తొట్టి దగ్గరికి నడిచాం, ఇద్దరమే. రాతి గొట్టంలోంచి నీళ్ళు ఊరికే పోతున్నాయి, పట్టేవాళ్ళు లేరు. నాకు కుళాయి కట్టేద్దామనిపించి చెయ్యి చాచాను, కట్టడానికి అక్కడ ఏమీ లేదు. ఇక్కడి నుంచే మోసేదాన్ని అంది. జేబులోంచి చేతిగుడ్డ తీసి, మెలిపెట్టి, చుట్టి, కొస లోపలికి దోపి నెత్తిన పెట్టుకుంది. చుట్టకుదురు. అదే మెలిక, అదే కొస దోపడం. దాన్ని స్పానిష్‌లో రొదేతే అంటారని ఆరోజే తెలిసింది. ఆమె నెత్తి మీంచి తీసి నేను పెట్టుకున్నాను, సరిపోయింది.

గట్టు మీద కూర్చున్నాక ఆమె ఎందుకో బడి సంగతి ఎత్తింది. 1950ల మధ్యలో అమెరికా నుంచి పాలపొడి వచ్చేదట బళ్ళకి. పెద్ద గంగాళంలో కలిపేవాళ్ళు, ఉండలు ఉండలుగా. పిల్లలు ఇంటి నుంచి గ్లాసు తెచ్చుకోవాలి. డబ్బాల్లో పచ్చటి చీజు కూడా వచ్చేది. ఆ పాల వాసనకి కడుపులో తిప్పేది, టీచరు తాగేదాకా వదిలేది కాదు. మా అమ్మ బడిలో కూడా అమెరికా గోధుమరవ్వ ఉప్మా పెట్టేవాళ్ళని, కేర్ ఉప్మా అనేవాళ్ళని నేను చెప్పాను. మా అమ్మకి అది ఇష్టం, ఇప్పటికీ దాని రుచి తలుచుకుంటుంది. "నీ తల్లి అదృష్టవంతురాలు, నాకు పాలు తగిలాయి" అంది.

కాసేపాగి అడిగాను. మీకు ఆ అమెరికావాళ్ళకి ఉత్తరం రాయమని ఎవరైనా చెప్పారా?

చెప్పలేదంది. నా మొహం వైపు చూసింది. "చెప్పుంటే నేనూ కొబ్బరిచెట్టు వేసేదాన్ని."

ఆ మాట తర్వాత ఆమెని తూ అనడం నాకు వచ్చేసింది. ఎలా వచ్చిందో తెలీదు, దారిలో "నువ్వు నెమ్మదిగా నడువు, చీకటి పడింది" అన్నాను, అన్నాక గమనించాను. ఆమె గమనించిందో లేదో ఏమీ అనలేదు.

వచ్చేటప్పుడు రేకు డబ్బా పిమెంతోన్ సూట్‌కేసులో తనే పెట్టింది. కోటు తిరిగి ఇచ్చేశాను, వద్దన్నా వినలేదు, అనంతపురంలో కోటేం చేసుకుంటాను. ఆ తర్వాత చాలా ఏళ్ళు ఫోన్లో మాట్లాడుకున్నాం. మా ఊళ్ళో ఇంటింటికీ కుళాయి వచ్చిందా అని ప్రతిసారీ అడిగేది. ఊళ్ళోవాళ్ళు ఆ దయ్యానికి కంచు విగ్రహం పెట్టారని, వాడు సెల్‌ఫోన్‌తో వంతెన ముందు సెల్ఫీ తీసుకుంటున్నట్టు ఉంటాడని, ఊళ్ళో కొంతమంది అది దైవద్రోహమని కోర్టుకెళ్ళారని ఒకసారి చెప్పి పగలబడి నవ్వింది. దయ్యానిది ఉంది సరే, నీళ్ళు మోసిన పిల్ల విగ్రహం ఏదీ అన్నాను. "అదే నేనూ అడిగాను" అంది.

పోయిన సంగతి మనవడు మెసేజ్ పెట్టాడు. రెండు చలికాలాలైంది. నిద్రలోనే పోయిందట. పల్లె ఇల్లు అమ్మేస్తున్నాం, సామాన్ల ఫోటోలు పెడుతున్నా, నీకేం కావాలో చెప్పు అన్నాడు. గుండ్రటి బల్ల, నిప్పుల పళ్ళెం, బోతీఖో, మూలన ఒక మట్టి కడవ. కడవ అన్నాను. అంత దూరం పంపితే పగిలిపోతుందని ఇద్దరికీ తెలుసు. అయినా దాచి పెడతానన్నాడు.

ఉగాదినాడు ఆ డబ్బా వాసన చూశాక అతనికి మెసేజ్ పెట్టాను, కడవ ఎలా ఉంది అని. గంటకి ఫోటో వచ్చింది. మాడ్రిడ్‌లో వాళ్ళ ఫ్లాటు బాల్కనీ, కడవలో మట్టి నింపి ఎర్ర జెరేనియం పెట్టారు, బాగా పూసింది. కింద ఒక్క లైను రాశాడు. నీళ్ళు నిలవకుండా అడుగున చిల్లు పెట్టాల్సి వచ్చింది, ఏమనుకోకు అని.